మూడేళ్లు దాచిన గేమ్ పాయింట్లు భోగి ముందు రోజు చూస్తే సున్నా. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

లంకబ్బాయి:

అందరికీ నమస్కారమండి. పోస్టు కొంచెం పెద్దది. కడుపుమంటతో రాస్తున్నాను కాబట్టి అటూ ఇటూ పోతే సర్దుకోండి.

మాది ముక్తేశ్వరం దగ్గర. 2022లో మా బావ కువైట్ నుంచి వస్తూ టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ కన్సోల్ ఒకటి తెచ్చిచ్చాడు. కంపెనీ పేరు రాయను, రాస్తే మీరంతా ఆ డబ్బా గొప్పా ఈ డబ్బా గొప్పా అని కొట్టుకుంటారు, నా గోల గోదాట్లో కలుస్తుంది. అకౌంటు కూడా బావే అక్కడ ఉండగా తన మెయిల్‌తో తెరిచి, దేశం దగ్గర కువైట్ అని పెట్టేశాడు. అది ఇంత తలనొప్పి అవుతుందని అప్పుడెవరికి తెలుసు? కన్సోల్‌లో ఆటలు అమ్మే ఆ దేశం ఆన్‌లైన్ స్టోరు మన కార్డు తీసుకోదు. నాకేదైనా గేమ్ కావాలంటే బావ డ్యూటీ దిగాక బకాలాకి, అంటే అక్కడి చిల్లర కొట్టుకి వెళ్లి రీఛార్జి కార్డు కొని, వెనక గీకి, నంబరు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాలి. ఒకసారి ఫిల్సు బిళ్లతో మరీ గట్టిగా గీకేశాడు, ఒక అక్షరం సగం లేచిపోయింది. అది ఎనిమిదా, ఇంగ్లీషు బీ అక్షరమా అని, అక్కడ ఆయన రూమ్ వాళ్లు నిద్రపోతుంటే ఇద్దరం అరగంట ఫోన్లో గుసగుసలాడుకుని తేల్చుకున్నాం. చివరికి బీ అండి.

అలా కొన్న ప్రతి గేముకీ కొన్ని పాయింట్లు పడేవి. నేను వాటిని ముట్టుకోలేదు. మా అక్క కొడుకు ఏడో తరగతి, అమలాపురంలో చదువుతున్నాడు. వాడికి క్రికెట్ గేమ్ కావాలి. మళ్లీ బావ చేత ఖర్చు పెట్టించకుండా పాయింట్లతో నేనే కొనిస్తానని పోయిన సంక్రాంతికే మాటిచ్చాను. ఇంకో రెండు మూడు వందల పాయింట్లు తక్కువున్నాయి, పండక్కి ఏవో బోనస్ పాయింట్లు ఇస్తారు కదా అని ఏడాది ఆగాను.

భోగి ముందు రోజు రాత్రి. వాడు భోగి పిడకల దండ గుచ్చుకుంటూ పక్కనే కూర్చున్నాడు. స్టోరు తెరిస్తే పాయింట్లు సున్నా. మళ్లీ మూసి తెరిచాను. సున్నాయే. రూల్స్ వెతికితే అడుగున ఎక్కడో రాసుంది, పన్నెండు నెలలపాటు కొత్తగా పాయింట్లేమీ పడకపోతే మొత్తం రద్దంట. నేను ఆ ఏడాదంతా రోజూ ఆడాను. ఆడితే లెక్క కాదంట, కొంటేనే లెక్కంట. అంటే దాచుకున్నందుకే పోయాయి. ముందుగా మెయిల్ పంపామన్నారు, పంపే ఉంటారు, ఆ మెయిల్ బావది, ఆయన అది తెరిచి రెండేళ్లయింది.

ఇది చాలదన్నట్టు కనుమ రోజు సాయంత్రం మామయ్య పిల్లలు, మేనత్త పిల్లలు అందరూ చేరాక కన్సోల్ వాళ్ల నెట్‌వర్క్ పడిపోయింది. ఆన్‌లైన్ ఆటలు సరే, మేం డబ్బులు పెట్టి కొని డౌన్‌లోడ్ చేసుకున్న ఆట, ఇంట్లో ఇద్దరం కూర్చుని ఆడుకునేది, అది కూడా తెరుచుకోలేదు. లైసెన్సు సరిచూడలేకపోతున్నాం అని ఒక ముక్క. పదిమంది పిల్లలు నా మొహం చూస్తున్నారు.

సపోర్టులో మొదట బాట్, తర్వాత మనిషి. మనిషి కూడా బాట్ లాగే మాట్లాడాడు. పాయింట్లకి డబ్బు విలువ ఏమీ లేదండి, మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అన్నాడు. అభిప్రాయానికి విలువుందంట, పాయింట్లకి లేదంట.

అడగాల్సినవి ఇవి. ఆ పాయింట్లు వెనక్కి తెప్పించుకునే దారేమైనా ఉందా? నెట్‌వర్క్ పడిపోతే కొనుక్కున్న ఆట ఎందుకు తెరుచుకోదు? ఆన్‌లైన్ సభ్యత్వం వచ్చే నెల అయిపోతోంది, మళ్లీ కట్టాలా వద్దా?

చెరువుగట్టు:

ఏమండోయ్ లంకబ్బాయి గారూ, మీరు మూడేళ్ల పాయింట్ల గురించి ఏడుస్తున్నారు, మా నాన్నగారిని అడగండి చెప్తారు. మాది భీమవరం అవతల, రొయ్యల చెరువులు. మేత కంపెనీల స్కీములు ఉంటాయి, ఇన్ని టన్నులు ఎత్తితే బంగారం కాసు, ఇంకొన్ని ఎత్తితే బ్యాంకాక్. ఒక ఏడాది నాన్నగారు బ్యాంకాక్ స్లాబ్‌కి రెండు టన్నుల దూరంలో ఉన్నారు. పాస్‌పోర్టు కూడా తీయించారు, ఆయ్, నిజంగానే. ఇంతలో చెరువుకి వైట్ స్పాట్ రోగం తగిలింది, సగం సైజు కూడా రాకుండా హడావిడిగా పట్టేశాం. రొయ్యే లేకపోతే మేత ఎక్కడ వేస్తాం? ఆ టన్నులు వచ్చే ఏడాదికి కలపరా అంటే, లేదండి స్కీము మార్చి 31తో క్లోజు అన్నారు. పాస్‌పోర్టు ఇప్పటికీ బీరువాలో అలాగే తెల్లగా ఉంది.

మీ కన్సోల్ వాళ్లదీ అదే. పాయింటు మీకిచ్చే బహుమతి కాదు, ఇంకో రెండు బస్తాలు ఎత్తించడానికి వేసే ఎర. ఎరని దాచుకున్న చేపని మిమ్మల్నే చూశాను.

సభ్యత్వం మాత్రం కట్టకండి. ఒక నెల ఆగి చూడండి, వాళ్లే ఏదో ఆఫర్ మెసేజ్ పెడతారు.

నిద్రమత్తు:

నాకు అర్థం కానిది ఒకటే. ఆటకి డబ్బులు ఇచ్చారు, ఆట వచ్చింది. పాయింట్లు ఊరికే ఇచ్చారు, ఊరికే పోయాయి. దీనికి ఇంత గొడవా? కిరాణా కొట్టాయన కొసరు వేశాడని రోజూ కొసరు బాకీ ఉన్నట్టు అడుగుతామా? రూల్సు చదవకపోవడం మీ తప్పు, వేరేవాళ్ల మెయిల్ మీద అకౌంటు నడపడం ఇంకో తప్పు.

లంకబ్బాయి:

నిద్రమత్తు గారూ, మెయిల్ విషయం ఒప్పుకుంటాను, తప్పు మాదే. కానీ ఊరికే ఇచ్చారనడం మాత్రం ఒప్పుకోను. అదే గేమ్ డిస్క్ బయట తక్కువకి దొరుకుతుంటే, పాయింట్లు వస్తాయి కదా అని స్టోరులోనే ఎక్కువ పెట్టి కొన్నాను, ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఆ తేడా డబ్బులు వాళ్ల గల్లాలోకే వెళ్లాయి కదండి. కొట్టాయన కొసరు వేసి, ఏడాది తర్వాత మా ఇంటికొచ్చి డబ్బాలోంచి ఆ కొసరు వెనక్కి తీసుకెళ్లడు కదా.

చెరువుగట్టు గారూ, నాన్నగారి పాస్‌పోర్టు కథ మా ఇంట్లో చదివి వినిపించాను. మా అమ్మ పాపం అంది. మీకు కాదు, ఆయనకి.

పాతకాపు_రామచంద్రపురం:

నేను టీవీకి పెట్టుకునే పసుపు క్యాసెట్ల రోజుల నుంచి ఆడుతున్నాను కాబట్టి కాస్త పాత సంగతులు చెప్తాను. తమ్ముడిది ఏ కంపెనీయో నాకు అక్కర్లేదు, నేను చెప్పేవి అందరికీ తెలిసిన, బయట ఉన్న విషయాలు.

ఈ పాయింట్ల స్కీములు ఏవీ ముసలితనం దాకా బతకవు. నింటెండో అనే గేమ్ కంపెనీకి క్లబ్ నింటెండో అని ఉండేది. గేమ్ డబ్బాలో ఉన్న కోడ్ కొట్టి పాయింట్లు పోగేస్తే పోస్టర్లు, పేకముక్కల సెట్లు లాంటివి నిజంగా ఇంటికి పంపేవాళ్లు. చేత్తో పట్టుకునే వస్తువులు. 2015లో మూసేశారు. 2016లో మై నింటెండో అని కొత్తది పెట్టి అందులో గోల్డ్ పాయింట్లు ఇచ్చారు. డిజిటల్‌గా కొంటే ధరలో 5 శాతం, కొట్లో డబ్బాలో అమ్మే కార్ట్రిడ్జి కొంటే 1 శాతం. ఈ తేడాలోనే వాళ్ల మనసు తెలిసిపోవాలి, డబ్బాలో వచ్చే ఆట మానేసి మా స్టోరుకి రండి అని. అవి కూడా ఏడాది దాటితే చెల్లవు. 2025 మార్చిలో కొత్తగా ఇవ్వడమే మానేశారు.

సోనీ వాళ్లు 2022లో ప్లేస్టేషన్ స్టార్స్ మొదలుపెట్టారు. అమెరికాలో లెక్క 1250 పాయింట్లకి 5 డాలర్లు. పాయింట్లు కాకుండా డిజిటల్ బొమ్మలని కొన్ని ఇచ్చేవాళ్లు, ఫోన్ యాప్‌లో అరలో పెట్టుకుని చూసుకోవాలి. సంక్రాంతికి మా ఆవిడ పెట్టే బొమ్మల కొలువులో అయినా పెట్టుకోవచ్చా అంటే దానికీ పనికిరావు. మూడేళ్లు తిరక్కుండానే, 2025 మేలో, ఇక మూసేస్తున్నామన్నారు. జూలై 23 తర్వాత కొత్త పాయింట్లు పడవు, ఉన్నవి 2026 నవంబరు 2 లోపు వాడేసుకోవాలి. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా అందులో పాయింట్లు మిగిలుంటే ఈ పోస్టు పక్కన పెట్టి ముందు వెళ్లి వాడేసుకోండి. లంకబ్బాయిలా పండగ కోసం ఆగకండి.

ఆన్‌లైన్ ఆడుకోవడానికి డబ్బు కట్టడం సంగతి ఇంకా బాగుంటుంది. ఎక్స్‌బాక్స్ వాళ్లు 2002లో ఆన్‌లైన్ సేవ పెట్టిన నాటి నుంచే చందా తీసుకున్నారు, కనీసం మొదట్నించీ ఒకటే మాట. సోనీ వాళ్ల మూడో ప్లేస్టేషన్‌లో ఆన్‌లైన్ ఆట ఉచితం. జనం బాగా అలవాటు పడ్డాక 2013లో నాలుగోది వచ్చేసరికి చాలా ఆటలకి చందా కట్టాలన్నారు. నింటెండో స్విచ్ 2017లో వచ్చినప్పుడు ఉచితం, 2018 సెప్టెంబరు నుంచి చందా. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. మన రేవుల్లో పుట్టిన సామెత వాళ్లకెలా తెలిసిందో గానీ అక్షరం పొల్లుపోకుండా పాటించారు. ధరలు కూడా అంతే, ఎక్స్‌బాక్స్ అమ్మే మైక్రోసాఫ్ట్ వాళ్లు 2025 అక్టోబరులో, గేమ్ పాస్ అని నెలనెలా కట్టి బోలెడు ఆటలు ఆడుకునే చందాలో పెద్ద ప్యాకు ధర అమెరికాలో నెలకి 19.99 డాలర్ల నుంచి ఒక్కసారే 29.99 చేశారు.

అయితే నోరు మూసుకుని పడుండమని నేను చెప్పను. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ ఆన్‌లైన్ చందా, లైవ్ గోల్డ్ అనేవాళ్లు, దాన్ని దాదాపు రెట్టింపు చేస్తామని ప్రకటించింది. జనం ఎంత తిట్టారంటే అదే రోజు వెనక్కి తీసుకుంది, పైగా ఉచిత ఆటలకి చందా అక్కర్లేదని కూడా ఒప్పుకుంది. అదే ఏడాది సోనీ పాత మూడో ప్లేస్టేషన్ స్టోరు, చేతిలో పట్టుకుని ఆడే వీటా స్టోరు మూసేస్తామని చెప్పి, గోల చూసి ఏప్రిల్‌లో నిర్ణయం మార్చుకుంది. కాబట్టి చాట్‌లో ఒక్కడివే గుసగుసలాడితే బాట్ వింటుంది, బజార్లో పదిమంది అరిస్తే మనిషి వింటాడు.

కేబుల్_రాజోలు:

రెండో ప్రశ్నకి నేను చెప్తానండి. నేను మా ఏరియాలో ఫైబర్ కనెక్షన్లు వేస్తాను, వానాకాలం నాలుగు నెలలూ కొబ్బరి మట్ట ఎక్కడ పడి వైరు తెగిందో వెతుక్కుంటూ గట్ల మీదే బతుకుతాను. ఫోన్ చేసే ప్రతివాళ్లూ నెట్ పోయిందనే అంటారు. అందులో నెట్ నిజంగా పోయింది ఎంత, పైన కంపెనీ సర్వర్ పోయింది ఎంత అనేది ముందు తేల్చుకోవాలి. ఫోన్లో అదే వైఫై మీద వీడియో ఆడుతుంటే మా తప్పు కాదు. ప్రతి కన్సోల్ కంపెనీకీ సేవల స్థితి చూపించే పేజీ ఉంటుంది, ముందు అది చూడండి, తర్వాత నన్ను తిట్టండి.

సర్వర్లు పోవడం కొత్తేం కాదు. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ 2011 ఏప్రిల్ 20న ఆపేస్తే మూడు వారాలు దాటింది మళ్లీ లేవడానికి. ఎవరో లోపలికి చొరబడ్డారు, 7.7 కోట్ల అకౌంట్ల వివరాలు పోయి ఉండొచ్చని వాళ్లే చెప్పారు. 2025 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో మళ్లీ ఒక రోజు మొత్తం పోయింది, చందాదారులకి ఐదు రోజులు ఊరికే పొడిగించారు, కారణం అడిగితే నిర్వహణ సమస్య అని ఒక్క ముక్క. మా ఆఫీసులో నేను అలా చెప్తే ఊరుకుంటారా?

ఇప్పుడు మీ ఆట ఎందుకు తెరుచుకోలేదంటే. మీ బావగారికి కువైట్ రూమ్‌లో ఇంకో కన్సోల్ ఉందా? ఉండే ఉంటుంది. డిజిటల్‌గా కొన్న ఆట లైసెన్సు అకౌంటుకి ఉంటుంది, ఆ అకౌంటుకి మామూలుగా ఒక్క కన్సోల్‌ని మాత్రమే సొంత కన్సోల్‌గా పెట్టుకోనిస్తారు. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది, పని దాదాపు అదే. సొంత కన్సోల్‌లో నెట్ లేకపోయినా ఆట తెరుచుకుంటుంది. రెండోదాంట్లో తెరవాలంటే ప్రతిసారీ పైన అడిగి రావాలి. మీది రెండోది అయ్యుంటుంది. బావగారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి అక్కడ తీసేసి, ఇక్కడ మీ దాంట్లో పెట్టుకోమనండి, ఐదు నిమిషాల పని. ఏడాదికి ఇన్నిసార్లే మార్చాలని కొన్ని కంపెనీలు లెక్క పెడతాయి కాబట్టి ఊరికే అటూ ఇటూ మార్చకండి.

ఇంకోటి. దేశం మార్చుకోవచ్చా అంటే, ప్లేస్టేషన్ అకౌంటుకి అసలు మార్చనివ్వరు, కొత్తది తెరవాల్సిందే. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు. నింటెండోలో కూడా మార్చుకోవచ్చు, బ్యాలెన్స్ ఖాళీ చేశాక. మీదేదో మీకే తెలియాలి. గల్ఫ్ నుంచి డబ్బాలు తెచ్చే అన్నలందరికీ చెప్పండి, అకౌంటు మాత్రం ఇంటికొచ్చాక ఇక్కడే తెరవమని.

ఆన్‌లైన్‌లో వేరేవాళ్ల గదిలోకి వెళ్లలేకపోవడం, మాట వినపడకపోవడం లాంటివి ఉంటే అది మాత్రం కొంచెం మా వైపు తప్పే. ఒకే పబ్లిక్ ఐపీ, అంటే బయటి నెట్‌కి కనిపించే ఒకే చిరునామా మీద చాలా ఇళ్లని పెడతాం, అందుకే వేరేవాళ్ల కన్సోల్‌తో నేరుగా కలవలేక నాట్ టైప్ స్ట్రిక్ట్ అని చూపిస్తుంది. మీరు రౌటర్‌లో పోర్టులు ఎన్ని తెరిచినా లాభం లేదు. ఆపరేటర్‌ని అడిగి మీ ఇంటికే విడిగా ఉండే స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, దానికి విడిగా డబ్బులవుతాయి. ఇలా చెప్పానని మా ఓనరుకి చెప్పకండి.

కాకినాడ_అక్క:

నేను వినియోగదారుల కేసులు చూసే ఒక లాయరు గారి దగ్గర పని చేస్తాను. సలహా అనుకోకండి, తెలిసింది చెప్తున్నాను.

తమ్ముడూ, ముందు చేదు మాట. మీ కేసులో బలం తక్కువ. అకౌంటు బావగారి పేరు మీద ఉంది, దేశం కువైట్, కార్డు కొన్నది అక్కడి బకాలాలో, బిల్లు ఉందో లేదో తెలీదు. ఇక్కడి వినియోగదారుల కమిషన్ ముందుకి వెళ్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న నువ్వెవరు బాబూ అని. మీరు ఎంత ఎక్కువ పెట్టి కొన్నారన్నది నిజమే అయినా చూపించడానికి కాగితం ఉండాలి.

కానీ అకౌంటు ఇండియాది అయ్యి, మన కార్డుతో కట్టి, మన మెయిల్‌కి బిల్లు వచ్చి ఉంటే కథ వేరుగా ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. అందులో ఒక మంచి సంగతి, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో వేయడానికి 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ ఉంది. అంతదాకా వెళ్లక ముందే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో మాట్లాడి వదిలేయకుండా ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాయండి అనేది అందుకే. చాట్ మాయమైపోతుంది, మెయిల్ ఉండిపోతుంది.

అయినా సరే, పాయింట్లకి డబ్బు విలువ లేదని ముందే రాయించుకుని ఉంటారు, దాని మీద గెలుస్తామని నేను మాటివ్వను. డబ్బు కట్టిన చందా రోజులు నెట్‌వర్క్ లేక వృథా అయ్యాయి అన్నది దానికంటే గట్టి మాట. నేనైతే పాయింట్లు పక్కన పెట్టి దాని గురించే అడుగుతాను.

సభ్యత్వం ఆటోమేటిక్‌గా మళ్లీ కట్ అవ్వకుండా చూసుకోండి. మన బ్యాంకు కార్డులయితే 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది, కట్ చేసే 24 గంటల ముందు మెసేజ్ రావాలి, అప్పుడే ఆపుకోవచ్చు. బావగారి కువైట్ కార్డుకి మన రిజర్వు బ్యాంకు ఏం చేస్తుంది? ఆయన్నే చూసుకోమనండి.

నిద్రమత్తు:

అక్కా, కొసరు మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఇది చదివాక నా అకౌంటు తెరిచి చూస్తే నాలుగు వేల పైచిలుకు పాయింట్లు ఉన్నాయి, ఇంకో పంతొమ్మిది రోజుల్లో పోతాయంట. ఇన్నాళ్లూ చూడనే లేదు.

చెరువుగట్టు:

నిద్ర లేచారన్నమాట.

లంకబ్బాయి:

రెండు వారాలైంది, ఏమైందో చెప్తానని వచ్చాను.

కేబుల్ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు కరెక్టు. బావ రూమ్‌లో ఇంకోటి ఉంది, అదే సొంతది అని పెట్టి ఉంది. శుక్రవారం ఆయనకి సెలవు, ఫోన్లో చెప్తూ చేయించాను. ఆ సెట్టింగ్ ఎక్కడుందో దొరకడానికి పావుగంట, పాస్‌వర్డ్ గుర్తు రావడానికి ముప్పావుగంట. ఇప్పుడు వైఫై తీసేసి తెరిచినా ఆట తెరుచుకుంటోంది. నిన్న సాయంత్రం కరెంటు పోయి రౌటర్ ఆగిపోయినా, కన్సోలూ టీవీ ఇన్వర్టర్ మీద ఉన్నాయి కాబట్టి ఆట మాత్రం ఆగలేదు. ఆ ఒక్కదానికీ మీకు పూతరేకుల డబ్బా బాకీ.

బావ మెయిల్ నుంచే ఫిర్యాదు రాశాం. అక్క చెప్పినట్టు పాయింట్ల సంగతి ఒక్క లైనే రాసి, చందా రోజుల గురించి గట్టిగా రాశాం. ఎనిమిదో రోజు జవాబొచ్చింది. పాయింట్లు తిరిగి ఇవ్వలేమంట. చందా ఒక వారం పొడిగించారు. అది కాక పది శాతం తగ్గింపు కూపన్ ఒకటి. కూపన్ వాడాలంటే ఏదో ఒకటి కొనాలి కదా, అదీ కువైట్ స్టోరులోనే, అదీ పద్నాలుగు రోజుల్లోనే. చెరువుగట్టు గారు ఎర అన్నారు చూడండి, ఈసారి దాని మీద పాకింగ్ కూడా మార్చలేదు.

చందా ఇక కట్టట్లేదు. నేను ఆన్‌లైన్‌లో ఆడేది మా మామయ్య కొడుకు ఒక్కడితోనే, వాడు ఉండేది అయినవిల్లిలో. బండి మీద పావుగంట. ఆలోచిస్తే నాకే నవ్వొచ్చింది.

మిగిలింది మేనల్లుడి క్రికెట్ గేమ్. వాడికి జరిగింది చెప్తే, పర్లేదు మామయ్యా, వేసవి సెలవులకి కొందాం అన్నాడు. అలా అనకుండా కాసేపు అలిగినా బాగుండేది. మా కన్సోల్ డిస్క్ పట్టేదే. పాత డిస్క్ ఎవరి దగ్గరైనా ఉంటే అమ్ముతారా? ఇండియా డిస్క్ కువైట్ అకౌంటుతో ఆడుతుందా అన్నది కూడా చెప్పండి.

పాతకాపు_రామచంద్రపురం:

ఆడుతుంది. ఇప్పటి కన్సోళ్లలో డిస్క్ ఏ దేశందైనా తీసుకుంటుంది. దానిమీద విడిగా కొనే అదనపు ప్యాకులకి మాత్రం కొన్ని కన్సోళ్లలో డిస్క్ దేశమూ స్టోరు దేశమూ ఒకటే కావాలి, ఆ జోలికి పోకండి. నీ కన్సోల్ ఏదో నాకు విడిగా మెసేజ్ పెట్టు తమ్ముడూ. నా దగ్గర ఒక క్రికెట్ డిస్క్ ఉంది, నిరుడుది. డబ్బా మూత కొంచెం పగిలింది, డిస్క్ మీద గీత లేదు. మా వాడు ఇంజనీరింగ్‌లో చేరాక దాని మొహం చూసినవాడు లేడు.

డబ్బులొద్దు. నీ దగ్గర ఆడేసిన డిస్క్ ఏదైనా ఉంటే ఇవ్వు, నేనింకా ఆడతాను.

లంకబ్బాయి:

కార్ల రేసుది ఒకటుందండి, పూర్తిగా ఆడేశాను. ఆదివారం కోటిపల్లి వస్తారా? గుడికి ఎలాగూ అమ్మని తీసుకురావాలి, ముక్తేశ్వరం రేవులో తొమ్మిది గంటల పంటు ఎక్కుతాం.

పాతకాపు_రామచంద్రపురం:

రేవు దగ్గర టీ కొట్టు ముందు ఉంటాను. డిస్క్ పాలిథిన్ కవర్లో చుట్టి తీసుకురా, పంటు మీద చెమ్మ కొడుతుంది.

కేబుల్_రాజోలు:

పూతరేకులు కూడా అటే పంపించేయండి, నేనొచ్చి పట్టుకెళ్తాను.